నాటకం చూడని వాళ్ళు

పోయిన వారం నాగజ్యోతిని పెనుకొండ బస్టాండులో ధర్మవరం బస్సు ఎక్కించి, సీటు దొరికిందో లేదో కూడా చూడకుండా వదిలేశాం. దొరకలేదు. చెన్నేకొత్తపల్లి దాకా నిలబడే వచ్చింది. నిలబడ్డంతసేపూ అవ్వ నారాయణమ్మ అన్న మాటే ఆమె చెవిలో తిరుగుతూ ఉంది.

“హొన్నక్క గురించి నన్నేం అడుగుతావే? ధర్మవరంలో ముత్యాలప్ప ఉండాడు, పొయ్యి ఆయప్పని అడుగు. ఆయప్పే గదా హొన్నక్క!”

ఎప్పుడో కోటల కాలం నాటి ఆడమనిషి, ధర్మవరంలో బతికున్న ముసలాయన ఎలా అవుతుంది? ఎంత గుచ్చి అడిగినా అవ్వ “పోతే నీకే తెలుస్తాదిలే” అని చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది తప్ప ఇంకో ముక్క చెప్పలేదు.

ఈ వారమే మనతో కలిసిన వాళ్ళకు కాస్త వెనక్కి పోయి చెప్పాలి. జ్యోతిది పెనుకొండ కొండ కింద ఎర్రకట్టపల్లి. హిందూపురంలో ఎం.ఏ. చరిత్ర ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. చేరేటప్పుడు నాయన ఓబులేసు “చరిత్ర చదివితే ఏమొస్తాదమ్మా? అదంతా అయిపోయిందే గదా” అని అడిగాడు. “అయిపోయిందో లేదో చూసేదే నాయనా చదువు” అని జవాబు చెప్పి, ఆ జవాబుకు తానే కొంచెం మురిసిపోయింది. ఇప్పుడు ప్రాజెక్టు రిపోర్టు సోమవారం ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టా ఈ సంవత్సరం రాదు.

రిపోర్టు హొన్నక్క గురించి. వెనకటికి ఏదో దండు పెనుకొండ కోట మీదికి వచ్చి, ఎర్రకట్టపల్లి చెరువు గట్టున గుడారాలు వేసిందట. దండులో మనుషులకూ గుర్రాలకూ ఆ చెరువే ఆధారం. హొన్నక్క అనే రైతు భార్య గడ్డపార తీసుకుపోయి తన ఊరి చెరువు కట్టను తానే తెంచిందట. నీళ్ళన్నీ పోయాయి, దండు దాహానికి తట్టుకోలేక వెనక్కి మళ్ళిందట. ఏ దండు, ఏ కాలం అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కానీ అవ్వ చెప్పింది, పక్కింటి తిమ్మరాజు తాత చెప్పాడు, చర్చి వీధి సాల్మన్ తాత చెప్పాడు. ముగ్గురూ ఒకే కథ చెప్పారు. అంతేకాదు, హొన్నక్క కట్ట మీద నిలబడి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ కుడి అరచేతిని చెవి పైన తలకు గట్టిగా అదుముకున్నారు.

ఆ చెయ్యి జ్యోతిని నిద్ర పోనివ్వలేదు. ఎక్కడెక్కడో వెతికింది. ఒక పాడుబడిన గుడి స్తంభం మీద తలకు చెయ్యి పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ కనబడితే ఫొటో తీసింది. దుఃఖంలో ఆడవాళ్ళు అలా తల పట్టుకోవడం ఈ సీమలో తరతరాల ఆచారమనీ, అది జనం ఒంట్లో ఇంకా మిగిలి ఉందనీ పేజీన్నర రాసింది. హిందూపురంలో గైడు శైలజ మేడమ్ ఆ పేజీ పక్కన ఎర్రసిరాతో “చాలా బాగుంది, ఇదే నీ రిపోర్టుకు ప్రాణం” అని రాశారు. చిన్నాన్న కొడుకు హరీష్ అయితే ఊళ్ళో చందాలేసి, చెవి పైన చెయ్యి పెట్టుకున్న హొన్నక్క విగ్రహమే చేయిస్తున్నాడు.

ఇంక మనం బస్సు దిగుదాం.

* * *

ముత్యాలప్ప కొడుకు ఇల్లు ధర్మవరంలో మగ్గాల వీధిలో ఉంది. వీధి మొత్తం ఒకటే టకటక. ఒక ఇంటి చప్పుడు ఆగితే ఇంకో ఇంటి చప్పుడు అందుకుంటుంది. కోడలు మంజుల మగ్గం మీద నుంచి లేచి వచ్చి తలుపు తీసింది. వచ్చిన పని చెప్పగానే నడవాలో మంచం మీద ఉన్న మామ వైపు తిరిగి గట్టిగా అరిచింది.

“మామా! మీ ఊరి పాప వచ్చింది. నిన్ను హొన్నక్క అంటాంది!”

ముసలాయన చటుక్కున లేచి కూర్చున్నాడు. సన్నటి మనిషి. ముఖం నిండా ముడతలే గానీ కళ్ళు మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా, పెద్దగా ఉన్నాయి.

“ఎవురు పంపినారు నిన్ను?”

“మా అవ్వ తాతా. నారాయణమ్మ.”

“ఓబులేసు కూతురివా? ఆయమ్మ బాగుండాదా? యాల పంపింది, ఆడేషగాన్ని చూసి నవ్వుకోని పొమ్మనా?”

మంజుల కళ్ళు పెద్దవయ్యాయి. “ఏం మామా! నువ్వు ఆడేషం కట్టినావా?”

“కట్టినా.”

“చీర గూడ కట్టినావా?”

“చీర కట్టకుండా ఆడేషం ఎట్ల కడతారు మ్మే? నీ కంటే బాగనే కట్టినా. కుచ్చిళ్ళు నీ మాదిరి బొంతలాగా వేసుకొనేటోన్ని కాదు.”

“చూడండి మేడమ్, నేను ఈ ఇంటికొచ్చి ఇన్నేండ్లయింది, ఈ మాట ఎవురూ చెప్పలే!” అని మంజుల జ్యోతితో చెప్పుకుని, మగ్గం సంగతి మర్చిపోయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“మీ ఆయనకు సిగ్గు. చిన్నప్పుడు బడిలో ఎగతాళి చేసినారని ఇంట్లో ఆ మాటే ఎత్తనీడు,” అన్నాడు ముత్యాలప్ప. అంటూనే వీధి వైపు చూశాడు, కొడుకు అశోక్ వచ్చేస్తాడేమో అన్నట్టు. “పట్టు తెచ్చేదానికి పోయినాడులే. వచ్చేలోపల అడుక్కో పాపా, ఏం అడగాల్నో.”

జ్యోతి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మంచం పట్టె మీద ఉంచింది. ఇలాంటప్పుడు ఎలా అడగాలో మేడమ్ నేర్పించారు. తొందరపడకూడదు, మన నోట్లో ఉన్న జవాబు వాళ్ళ నోట్లో పెట్టకూడదు. అవన్నీ మనసులో ఒకసారి తలచుకుని, “నువ్వు హొన్నక్కవి ఎట్లయినావు తాతా?” అంది.

“అంజనప్ప అయ్యోరు చేసినాడు” అన్నాడాయన.

అలా మొదలైంది. అంజనప్ప కదిరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బడి పంతులు. ఊళ్ళోనే ఒక గది తీసుకుని ఉండేవాడు. నాటకాల పిచ్చి. వచ్చిన ఏడాదే ‘హొన్నక్క’ అని ఒక నాటకం రాసి ఊరి కుర్రాళ్ళకు నేర్పాడు. ముత్యాలప్పకు అప్పటికి మీసం రాలేదు, గొంతు సన్నం. ఇంకేముంది, హొన్నక్క ఆయనే. ఆడిన మొదటి రోజే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి. తర్వాత ప్రతి ఎండాకాలం ఆడారు. పెనుకొండలో ఆడారు, హిందూపురం సంతలో ఆడారు, సోమందేపల్లిలో కరెంటు పోతే పెట్రోమాక్స్ దీపాల కింద ఆడారు. ఇళ్ళకు టీవీలు వచ్చేదాకా ఆ నాటకం ఆగలేదు.

వింటున్న కొద్దీ జ్యోతికి తన రిపోర్టే కళ్ళ ముందు మెదిలింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

“కట్ట మీద ఏమంటాది తాతా హొన్నక్క? గుర్తుందా?”

“గుర్తేంది! అది మర్చిపోతే నేను పోయినట్టే.”

ముత్యాలప్ప మంచం దిగాడు. మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి, మంజుల చెయ్యి పట్టుకోబోతే వదిలించుకున్నాడు. పైపంచ తీసి భుజం మీదుగా పైటలా వేసుకున్నాడు. ఆ ఒక్క పనితో ఆయన నిలబడే తీరే మారిపోయింది. నడుము ఒకవైపు ఒరిగింది, గడ్డం పైకి లేచింది. పక్కింటి మగ్గం చప్పుడును మించి గొంతు లేచింది.

“చెరువు ఎండితే వాన నింపుతుంది! కోట కూలితే ఎవరు నిలుపుతారు? నా బిడ్డలు దాహంతో ఏడ్చినా సరే, ఈ నీళ్ళు పరాయి గుర్రం నోటికి పోనివ్వను!”

మాట పూర్తవుతుండగా ఆయన కుడి అరచెయ్యి పైకి లేచి, చెవి పైన తలకు గట్టిగా అదుముకుంది.

అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. అవ్వ మాత్రం ‘నింపుతాది’ అనేది, అంతే. విరుపు అదే, ‘నా బిడ్డలు’ దగ్గర గొంతు సన్నబడడం అదే, చెయ్యి అదే. సాల్మన్ తాత చర్చి అరుగు మీద కూర్చుని చెప్పినప్పుడు జ్యోతికి ఒళ్ళు జలదరించింది. ఇన్ని వందల ఏళ్ళు దాటి ఒక మనిషి గొంతు తన దాకా వచ్చిందనుకుంది. ఆ గొంతు ఈయనది.

మంజుల చప్పట్లు కొట్టింది. “యప్పా! ఏం మామా, సినిమాలోకి పోకుండా ఈడ యాల కూసున్యావు?”

జ్యోతి మాత్రం అక్కడే చిక్కుకుపోయింది. “ఆ చెయ్యి... ఆ చెయ్యి అట్ల యాల పెట్టినావు తాతా?”

“ఏ చెయ్యి?”

“తలకాడ. అది అయ్యోరు నేర్పించినాడా? వెనకటి ఆడోళ్ళు ఏడ్చేటప్పుడు అట్ల పెట్టుకునేవాళ్ళా?”

ముత్యాలప్ప తన చేతినే కొత్తగా చూసుకున్నట్టు చూసుకున్నాడు. మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, మంజుల నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“అది విగ్గు పాపా!”

“ఏంది?”

“విగ్గు! హిందూపురం నుంచి బాడుగకు తెచ్చినారు. నా తలకాయకు అది పెద్దది. కొప్పు బరువుకు ఒగపక్క జారిపోతాంది. గట్టిగా అరిస్తే ఊడి కిందపడేటట్టుండాది. పడితే ఏమైతాది? హొన్నక్క గుండు జనానికి కనపడతాది. అందుకని అట్ల అదుముకొని చెప్పేసినా. ఏం చేస్తాం మరి! జనం చూస్తే, ఒగటే ఏడుపు. ఆడోళ్ళు పైటకొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తాండారు. అయ్యోరు తెర యెనకాల నన్ను కావలించుకొని, ముత్యాలూ, రేపట్నించి ఆ చెయ్యి ఇడిసిపెట్టొద్దు అన్యాడు. తర్వాత నా తలకాయకు సరిపోయే విగ్గు తెచ్చినారు. చెయ్యి మాత్రం అట్లనే ఉండిపోయె.”

పేజీన్నర. గుడి స్తంభం ఫొటో. ఎర్రసిరా. హరీష్ చేయిస్తున్న సిమెంటు విగ్రహం, చెవి పైన చెయ్యి పెట్టుకుని, ఎప్పటికీ జారకుండా విగ్గు పట్టుకుని కట్ట మీద నిలబడబోతున్న విగ్రహం! జ్యోతికి నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగి, తల వంచుకుని ఫోన్ వైపు చూసింది. అది ఏమీ ఎరగనట్టు రికార్డు చేస్తూనే ఉంది.

“అయితే మా అవ్వ నాతో అబద్ధం చెప్పిందా తాతా?”

“అబద్ధం ఎట్లయితాది? కండ్లారా చూసింది గదా ఆయమ్మ. ముందువరసలో ఈతసాప మీద కూసోని ప్రతి ఏడూ చూసె. మీ అవ్వ ఏడ్చినట్ల ఊర్లో ఇంకెవురూ ఏడ్చేవాళ్ళు కాదు.”

“అది నాటకం తాతా! నేను చరిత్ర రాస్తాండా. ఊర్లో అందరూ ఒగే మాట చెప్తాండారంటే, అది నిజం కాబట్టే అనుకున్యా. అందరూ ఒగే నాటకం చూసినారు కాబట్టి అని నాకేం తెలుసు? అయ్యోరు ఊరికే కూసోని అల్లిన కథ పట్టుకొని నేను...”

“ఆపు.”

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, గుమ్మంలో మంజుల కూడా నిటారుగా నిలబడింది. ముత్యాలప్ప ముఖంలో నవ్వు పోయింది.

“నన్ను ఏమన్నా అను, ఆడేషగాడు అను. అంజనప్ప అయ్యోర్ని మాత్రం అట్ల అనొద్దు. ఆయప్ప అల్లినోడు కాదు. ఇన్నది రాసినోడు.”

“యాడ విన్యాడు? మన ఊర్లో నాటకానికి ముందర హొన్నక్క పేరు ఎవురికన్నా తెలుసా?”

“తెల్దు. మన ఊర్లో ఎవురికీ తెల్దు. లేకుంటే, తెలిసినోళ్ళు చెప్పరు.”

మగ్గాల చప్పుడు మధ్య ఆ మాట ఒక్కటే విడిగా నిలబడింది. జ్యోతి మంచం దగ్గరికి జరిగింది. వచ్చినప్పుడు ఉన్న తొందర, ఇందాకటి దిగులు, రెండూ ఎక్కడికో పోయాయి. తెలుసుకోవాలన్న కోరిక ఒక్కటే మిగిలింది. ఆ కోరిక పుట్టినప్పుడు ఆమెకు ఆకలి కూడా తెలియదు.

“చెప్పు తాతా.”

“నేర్చుకునేటప్పుడు చివరి సీను వేరే ఉండె. అది నాకు బాగా గుర్తుండాది, యాలంటే నాకు నచ్చలే. నేను పండుకోవల్ల. మాటల్లేవు, ఏం లేదు. హొన్నక్క కట్టకు అడ్డంగా పండుకుంటాది, తెర పడిపోతాది. ఇదేం సీను అయ్యోరా, నాకు ఒక్క మాట గూడ లేకపాయె అని నేను అలిగినా. బళ్ళో నేర్చుకుంటాంటే ఒగనాడు ఊరి పెద్దోళ్ళు వచ్చి కూసున్యారు. ఆ సీను చూసినారు. ఏం మాట్లాడకుండా లేచి, అయ్యోర్ని పక్కకు పిలుచుకోని పోయినారు. మర్నాడు అయ్యోరు కొత్త సీను తెచ్చె. పండుకునేది పాయె, గడ్డపార పట్టుకునేది వచ్చె. ఈ మాటలన్నీ అప్పుడొచ్చినవే.”

“యాల మార్చినాడు?”

“అడిగినా. ‘నాకు ఈ ఊర్లో ఉద్యోగం చెయ్యాల్నని ఉండాది ముత్యాలూ’ అన్యాడు. అంతే. నాకు పెద్ద డైలాగు దొరికింది గదా అని సంతోషంలో నేనూ మళ్ళా అడగలే.”

“ఆ కథ అయ్యోరికి ఎవురు చెప్పినారు?”

“మన ఊరికి రాకముందు ఆయప్ప ముదిగుబ్బ పక్కన జాలిగుట్టలో పనిచేసినాడు. ఆడ ఒగ ఇంటోళ్ళు చెప్పినారంట. ఒకప్పుడు మన ఊరోళ్ళేనంట ఆళ్ళు, యెనకటికెప్పుడో ఇడిసిపెట్టి పోయినారంట. నాటకం మొదటిసారి ఆడేటప్పుడు ఆళ్ళను పిలుచుకోనొస్తా అన్యాడు అయ్యోరు. సీను మారిన తర్వాత ఆ మాట ఎత్తలే. ఆళ్ళు రాలే, చూడలే.” ముత్యాలప్ప పైపంచను పైట నుంచి తీసి మెల్లగా మడత పెట్టుకున్నాడు. “ఈ సీమలో నా హొన్నక్కను చూడనోళ్ళు ఆళ్ళొక్కరేనేమో పాపా.”

బయట మోటారుసైకిల్ ఆగింది. మంజుల గబగబా మగ్గం మీదికి పోయింది. ముత్యాలప్ప మంచం మీద వెనక్కి వాలి, ఎప్పుడూ ఏ వేషమూ కట్టని మామూలు ముసలాయన అయిపోయాడు.

* * *

ధర్మవరం బస్టాండులో నిలబడి జ్యోతి శైలజ మేడమ్‌కు ఫోన్ చేసింది.

“మేడమ్, నా రిపోర్టులో ఆ పేజీన్నర తీసేయాలి. అది ఆచారం కాదు మేడమ్. విగ్గు.”

“ఏమిటి?”

జ్యోతి చెప్పింది. అవతల మేడమ్ నవ్వు మొదలైంది. ఆమె అంతగా నవ్వడం జ్యోతి రెండేళ్ళలో వినలేదు.

“అయ్యో నాగజ్యోతీ! నేను కూడా నమ్మాను కదమ్మా. పోయిన నెల సెమినార్లో నలుగురికీ చెప్పాను కూడా.” నవ్వు ఆగాక గొంతు మెల్లబడింది. “సరే విను. కంగారు పడొద్దు. ఒక నాటకం ఊరి జ్ఞాపకంగా ఎలా మారిందో అదే రాయి. అది కూడా చరిత్రే. మంచి చరిత్ర. రెండు రోజులు కూర్చుంటే అయిపోతుంది. సోమవారం మాత్రం దాటనివ్వకు. దాటితే నేనేమీ చెయ్యలేను.”

చక్కటి దారి. జ్యోతికి ఆ దారి నచ్చింది కూడా. ఇప్పుడు పెనుకొండ బస్సు ఎక్కితే పొద్దు గుంకకముందే ఇంట్లో ఉంటుంది. రేపు, ఎల్లుండి కూర్చుని రాసేస్తే పట్టా చేతికొస్తుంది. నాయన ఊళ్ళో అందరికీ చెప్పుకుంటాడు.

“మేడమ్, ఆ నాటకం చూడని వాళ్ళు ఒక ఇంటివాళ్ళు ఉన్నారంట. అసలు కథ వాళ్ళదేనంట.”

“యాడ?” అన్నారు మేడమ్. తరగతిలో ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడే మనిషి! జ్యోతికి పెదవి చివర నవ్వు వచ్చింది.

“ముదిగుబ్బ దగ్గర మేడమ్. జాలిగుట్ట.”

“రిపోర్టు పెట్టుకుని ఇప్పుడక్కడికి పొమ్మని గైడుగా నేను చెప్పకూడదు,” అన్నారు మేడమ్. “కానీ పోతే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. నీ కథ వాళ్ళకు చెప్పొద్దు. హొన్నక్క అనే పేరు నీ నోటి నుంచి రాకూడదు. వాళ్ళ దగ్గర ఏమన్నా ఉంటే వాళ్ళ నోటి నుంచే రావాలి. నువ్వు పేరు చెప్పేస్తే వాళ్ళు కూడా నాటకం చూసినట్టే లెక్క.”

పెనుకొండ బస్సు ఎదురుగానే ఆగి ఉంది. కండక్టరు పిలుస్తున్నాడు, సీట్లు కూడా ఉన్నాయి. జ్యోతి దాన్ని దాటుకుని పోయి కదిరి బస్సు ఎక్కి, ముదిగుబ్బకు టికెట్ తీసుకుంది.

* * *

ముదిగుబ్బలో దిగి ఆటో పట్టుకుంటే, డ్రైవరు జాలిగుట్ట మలుపులో దింపి పోయాడు. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డంగా పోతోంది. అది దాటేదాకా ఆగి, ఎదురైన ఆయనను “ఈ ఊర్లో వేరే ఊరి నుంచి వచ్చి నిలబడినోళ్ళు ఎవరన్నా ఉండారా మామా?” అని అడిగింది. ఆయన ఇంకేమీ అడగకుండా ఊరి చివర వేపచెట్టు ఉన్న ఇల్లు చూపించాడు.

వాకిట్లో ఒక పెద్దామె కందులు చెరుగుతోంది. పేరు శంకరమ్మ. చేట పక్కన పెట్టి, ఎండన పడి వచ్చిన పిల్లను చూసి ముందు లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఈ సీమలో ఎవరు వచ్చినా ముందు నీళ్ళు, తర్వాతే మాటలు. జ్యోతి గటగటా తాగేసింది.

“యాణ్నుంచి వస్తాండావు పాపా? జనాభా లెక్కలకా?”

“కాదవ్వా, చదువుకుంటాండా. ఊర్లల్లో పెద్దోళ్ళు చెప్పే సంగతులు రాసుకుంటాండా. మాట్లాడింది దీంట్లో పట్టుకుంటా, సరేనా?” ఫోన్ చూపించింది. శంకరమ్మ తలూపింది. “మీ పెద్దోళ్ళు ఈడికి యాణ్నుంచి వచ్చినారవ్వా?”

“అది పెద్ద కతలే. ముందు నీదే ఊరు?”

“పెనుకొండ పక్కన. ఎర్రకట్టపల్లి.”

శంకరమ్మ చెయ్యి చాచి చెంబు వెనక్కి తీసుకోబోయి, అలాగే ఆగిపోయింది. కళ్ళు చిన్నవి చేసుకుని జ్యోతి ముఖాన్ని తేరిపార చూసింది. కోపం లేదు అందులో. నమ్మలేనట్టుగా ఉంది.

“ఉండాదా ఆ చెరువు?”

“ఉండాది. కట్ట ఉండాది, నీళ్ళు వానొస్తేనే.”

“మేం పోము ఆడికి. మా ఇంట్లో పుట్టినోళ్ళు గానీ, ఈ ఇంటికి కోడండ్లుగా వచ్చినోళ్ళు గానీ, మీ ఊరి నీళ్ళతో నోరు తడుపుకోరు. బస్సులో ఆ దోవన పోయినా ఈణ్నుంచి బాటిలు పట్టుకోని పోవల్ల. నేను కాపరానికొచ్చిన రోజే మా అత్త నాతో ఒట్టేయించుకునింది.”

“యాల అవ్వా?” జ్యోతి ఫోన్‌ను తిన్నె మీద ఆమెకు దగ్గరగా పెట్టింది.

“యాలంటే, మా హొన్నక్క ఆ నీళ్ళకాన్నే పోయింది కాబట్టి.”

వచ్చింది. ఆ పేరు తనంత తానుగా వచ్చింది. ఏ నాటకమూ చూడని మనిషి, ఏ విగ్గూ ఎరగని మనిషి, కందిచేట పక్కన కూర్చుని చెప్పింది. హొన్నక్క ఉంది! జ్యోతికి ఒక్కసారిగా లేచి ఎగరాలనిపించింది. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకుని, మేడమ్ మాట తలచుకుని, మెల్లగా అడిగింది.

“ఏం చేసింది ఆయమ్మ?”

“కట్టకు అడ్డం పండుకునింది.”

“కట్ట... ఎవురు తెంచినారు మరి?”

“మీ ఊరోళ్ళే! ఇంకెవురు తెంచుతారు? కోటలో నీళ్ళు అయిపోయినాయంట. కోటోళ్ళు చాటుగా ఆ చెరువు నీళ్ళే పైకి మోసుకుపోతాన్యారంట కొండమీదికి. ఆ నీళ్ళు లేకుండా చేస్తే పన్ను లేని మాన్యం రాసిస్తామని దండోళ్ళు ఆశ పెట్టినారంట. ఒగ ఇంటోళ్ళు ఒప్పుకున్యారు. గడ్డపారలు పట్టుకొని కట్ట మీదికి పోయినారు. ఊరంతా ఎండిపోతాది, వద్దురా అని మా హొన్నక్క కాళ్ళు పట్టుకునింది, ఇనలే. కట్టకు అడ్డం పండుకునింది. ఆమెతో పాటే తెంచినారు.”

వేపచెట్టు కింద గాలి లేదు. జ్యోతికి ఒక్కసారిగా గుర్తుకు వచ్చింది తమ చేను. చెరువు దిగువన, తూముకు మొదట తడిసే మంచి నేల. ఇంట్లో ఎవరూ దాన్ని చేను అనరు. నాయన పొద్దున లేచి “మాన్యం కాడికి పోయొస్తా” అంటాడు. తాత అలాగే అనేవాడట. ఎందుకంటారో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. చరిత్ర చదువుతున్న తాను కూడా అడగలేదు.

శంకరమ్మ కందిచేట పూర్తిగా పక్కకు జరిపింది.

“ఆ ఇంటోళ్ళ పేరు గూడ మాకు తెలుసు. పుట్టిన బిడ్డకల్లా చెప్తాం. నిన్ను అడుగుతాండా, ఏమనుకోవద్దు. నీ ఇంటిపేరేంది పాపా?”

ఫోన్ తిన్నె మీద వెలుగుతూ ఉంది. ఏ పేరైనా చెప్పవచ్చు. ఎర్రకట్టపల్లిలో ఎన్ని ఇంటిపేర్లు లేవు! ఏదో ఒకటి చెప్పేస్తే ఈమె మిగతా కథంతా చెబుతుంది, రాసుకుని పోవచ్చు, సోమవారానికి రిపోర్టు ఇవ్వవచ్చు. కానీ రేపు ఈ రికార్డింగ్ విన్నవాళ్ళు అందులో మొదటి అబద్ధం ఎవరిదని అడిగితే?

“కట్టకింద,” అంది జ్యోతి. “కట్టకింద ఓబులేసు కూతుర్ని.”

శంకరమ్మ ఆమె ముఖం మీది నుంచి చూపు తిప్పుకోలేదు. కూర్చున్న చోటు నుంచే తల మాత్రం ఇంటి వైపు తిప్పి, ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న చుట్టాలు వాకిట్లోకి వస్తే పిలిచినట్టు పిలిచింది.

“ఏమప్పో, బయటికి రా. వచ్చినారు. కట్టకిందోళ్ళు వచ్చినారు!”

లోపల ఎవరో మంచం దిగిన చప్పుడైంది.